క్రోనోమీటర్, సెక్స్టెంట్, కంపాస్: వేడికి ఏది ఎంత తప్పుతుంది, ఏ లోహం ఎందుకు వాడతారు?

అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: "డెక్ క్యాడెట్‌ని. క్రోనోమీటర్‌ని ఏసీ గాలి తగిలేచోట పెట్టొద్దంటారు, సెక్స్టెంట్‌ని ఎండలో వదలొద్దంటారు. ఎందుకని అడిగితే 'లోహం వేడికి వ్యాకోచిస్తుంది' అని ఊరుకుంటారు. కంటికి కనపడనంత వ్యాకోచానికి నిజంగా మైళ్ల లెక్కన తేడా వస్తుందా? సొంతానికి సెక్స్టెంట్ కొనాలంటే ఇత్తడిదా, అల్యూమినియందా, ప్లాస్టిక్‌దయినా సరిపోతుందా?"

సూటిగా చెప్పాలంటే, అవును, మైళ్ల లెక్కనే వస్తుంది. కాకపోతే మీకు చెప్పిన కారణం సగమే నిజం. క్రోనోమీటర్‌ని (రేఖాంశం లెక్కకి ఓడలో ఉంచే కచ్చితమైన గడియారం) దెబ్బతీసేది వ్యాకోచం కంటే ఎక్కువగా స్ప్రింగ్ మెత్తబడటం. సెక్స్టెంట్‌ని (సూర్యుడు, నక్షత్రాలు ఎంత ఎత్తున ఉన్నాయో కోణంలో కొలిచే పరికరం) దెబ్బతీసేది వేడి కాదు, ఒకవైపే వేడెక్కడం. కంపాస్‌లో సూదికి పెద్దగా ఏమీ కాదు, అయ్యేదంతా దాని చుట్టూ పెట్టిన సవరణ అయస్కాంతాలకీ, గిన్నెలోని ద్రవానికీ. కొనే సంగతి చివర్లో వివరంగా రాస్తాను. మీ పనికి అల్యూమినియం చాలు.

ఒక మాట ముందే అనుకుందాం. పరికరం తప్పు చూపించడం అసలు ఇబ్బందే కాదు. రోజుకు కచ్చితంగా 4 సెకన్లు వెనకబడే గడియారంతో ప్రపంచం చుట్టి రావచ్చు, రోజుకో 4 కలుపుకుంటే సరి. నిన్న 4, ఇవాళ 1, రేపు 6 వెనకబడితేనే చిక్కు. నావికుల మాటల్లో ఇప్పుడున్న తేడా 'ఎర్రర్', ఆ తేడా రోజుకు ఎంత పెరుగుతుందో అది 'డైలీ రేట్'. రేట్ నిలకడగా ఉంటే ఎర్రర్ ఎంతున్నా ఫర్వాలేదు. లోహాల ఎంపిక, చెక్కపెట్టె, ఏసీకి దూరం, అన్నీ ఆ నిలకడ కోసమే.

సెకను అంటే ఎంత దూరం

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 4 సెకన్లకు ఒక కోణ నిమిషం. భూమధ్యరేఖ మీద అది ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. సెకనుకు 463 మీటర్లన్నమాట. విశాఖ అక్షాంశం దగ్గర రేఖాంశాలు కాస్త దగ్గరకొస్తాయి కనుక సెకనుకు సుమారు 441 మీటర్లు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది అర డిగ్రీ లోపు రేఖాంశం చెప్పగలిగినవాళ్లకి. అర డిగ్రీ అంటే కాలంలో 120 సెకన్లు. ఆరు వారాల ప్రయాణమనుకుంటే రోజుకు 3 సెకన్లు కూడా తప్పకూడదు.

ఇప్పుడు సాదా గడియారం సంగతి చూడండి. ఇత్తడి బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని లెక్కించేది), దాన్ని ఊపే ఉక్కు స్ప్రింగ్, వేడికి ఏ సవరణా లేదు. ఫ్రెంచ్ గడియారకారుడు ఫెర్డినాండ్ బెర్తూ 18వ శతాబ్దంలోనే దీని లెక్క తీశాడు. ఉష్ణోగ్రత 0 నుంచి 33 డిగ్రీలకు పెరిగితే ఆ గడియారం రోజుకు 393 సెకన్లు వెనకబడుతుంది. అందులో చక్రం వ్యాకోచం వాటా 62. స్ప్రింగ్ పొడవు పెరగడం వాటా 19. మిగతా 312 సెకన్లు స్ప్రింగ్ బిగువు తగ్గడం వల్ల. మీకు చెప్పిన 'లోహం వ్యాకోచిస్తుంది' అన్న కారణం ఐదోవంతు తప్పునే వివరిస్తుందన్నమాట.

ఇవాళ్టి అంకెలతో సరిచూసుకున్నా దాదాపు అంతే వస్తుంది. ఉక్కు బిగువు డిగ్రీకి లక్షలో సుమారు 24 వంతులు తగ్గుతుంది. గడియారం వేగం బిగువుకి వర్గమూలం మీద ఆధారపడుతుంది కాబట్టి అందులో సగం, లక్షలో 12. రోజుకు 86,400 సెకన్లు, అంటే డిగ్రీకి 10 సెకన్ల పైచిలుకు. ఇత్తడి వ్యాకోచం డిగ్రీకి లక్షలో 1.9 వంతులే, అది రోజుకు ఒకటిన్నర సెకను పైన. రెండూ కలిపి డిగ్రీకి దాదాపు 12 సెకన్లు. పగటికీ రాత్రికీ 10 డిగ్రీలు తేడా ఉండే క్యాబిన్‌లో అలాంటి గడియారం పెట్టుకుంటే, రోజుకు 29 మైళ్లు అటో ఇటో. కంటికి కనపడని మార్పే, ఫలితం మాత్రం కాకినాడ తీరానికి వెళ్లాల్సినవాడు తుని ముందు తేలడం.

ఇత్తడి, ఉక్కు జత కట్టడం

స్ప్రింగ్ మెత్తబడటాన్ని ఆపలేనప్పుడు దానికి విరుగుడుగా ఇంకోటి కదిలేట్టు చేయాలి. ఇంగ్లిష్ గడియారకారుడు జాన్ హారిసన్ ఇత్తడి, ఉక్కు రేకుల్ని కలిపి బిగించి, వేడికి అది వంగేట్టు చేశాడు. ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఉక్కు తక్కువ, కాబట్టి జతరేకు ఉక్కు వైపుకి వంగుతుంది. ఆ వంపుతో స్ప్రింగ్ పనిచేసే పొడవు తగ్గి, పోయిన బిగువు తిరిగొస్తుంది. 1761-62లో ఆయన నాలుగో గడియారం జమైకా వెళ్లింది. ముందే లెక్కగట్టిన రేట్ తీసేశాక, 81 రోజుల ప్రయాణంలో తేడా 5 సెకన్లు. 'రేట్ తీసేశాక' అన్నది గమనించండి. అది తప్పే చూపని గడియారం కాదు, తప్పు మారని గడియారం.

తర్వాత ఆర్నాల్డ్, ఎర్న్‌షా అనే ఇంగ్లిష్ గడియారకారులు ఆ జతరేకుని స్ప్రింగ్ దగ్గరనుంచి తీసి బ్యాలెన్స్ చక్రంలోకే తెచ్చారు. మీ ఓడలో పాత మెకానికల్ క్రోనోమీటర్ ఉంటే, సర్వీసింగ్‌కి విప్పినప్పుడు చూడండి. చక్రం అంచు బయట ఇత్తడి, లోపల ఉక్కు, మందంలో సుమారు మూడుకి రెండు నిష్పత్తి. అంచు పూర్తి వలయం కాదు, అడ్డపట్టీ దగ్గర రెండుచోట్ల తెగి ఉంటుంది. ఒక్కో సగం ఒక కొడవలిలా ఒకవైపు మాత్రమే అతుక్కుని ఉంటుంది. దానిమీద చిన్న బరువు. వేడెక్కితే బయటి ఇత్తడి సాగి కొడవలి మొన లోపలికి ముడుచుకుంటుంది, బరువు ఇరుసుకు దగ్గరవుతుంది, చక్రం తేలిగ్గా ఊగుతుంది. మెత్తబడిన స్ప్రింగ్‌కి తేలికైన చక్రం, లెక్క సరి.

దాన్ని సరిచేసే పద్ధతి: ఓవెన్‌లో 35 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు, ఐస్ పెట్టెలో 4 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు నడిపి రేట్ చూస్తారు. వేడిలో వెనకబడితే సవరణ చాలలేదని అర్థం, బరువుల్ని తెగిన మొనల వైపు జరుపుతారు. వేడిలో ముందుకెళ్తే సవరణ ఎక్కువైందని, అడ్డపట్టీ వైపు జరుపుతారు. రెండు బరువుల్నీ వెంట్రుక తేడా లేకుండా సమానంగా జరపాలి, లేకపోతే చక్రం తూకం పోయి, ఓడ ఒరిగినప్పుడల్లా రేట్ మారుతుంది. మొత్తం వేగం సరిచేయడానికి అడ్డపట్టీ చివర వేరే నట్లు ఉంటాయి. ఆ రెండింటినీ కలగాపులగం చేసినవాడికి ఆ క్రోనోమీటర్ మళ్లీ దారికి రాదు. అన్నిటికంటే ముందు, అంచుని వేలితో తాకొద్దు. కొంచెం వంగినా నెలల తరబడి చేసిన సవరణ గంగపాలు.

(పక్కమాట: ఇదే ఎత్తు నేలమీద కూడా వేశారు. దేశాన్ని సర్వే చేసిన జార్జ్ ఎవరెస్ట్ 1831-32లో కలకత్తా దగ్గర బేస్‌లైన్ (సర్వేకి ఆధారమైన గీత) కొలిచిన కోల్బీ కడ్డీలు పది అడుగుల ఇత్తడి, ఇనుప కడ్డీల జతే. రెండూ వేరువేరుగా సాగినా, వాటిని కలిపే పట్టీ మీది చుక్క మాత్రం కదలదు.)

మధ్యలో మిగిలే తప్పు

ఇక్కడే అసలు కిటుకు ఉంది, మీ ఏసీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది.

స్ప్రింగ్ బలహీనపడేది ఒక రకం వంపుగీత. చక్రం సరిదిద్దేది ఇంకో రకం వంపుగీత. రెండూ రెండే చోట్ల కలుస్తాయి. 4 డిగ్రీల దగ్గరా 35 దగ్గరా సరిపెడితే, మధ్యలో 20 దగ్గర గడియారం రోజుకు ఒకటి రెండు సెకన్లు ముందుకెళ్తుంది. మధ్యలో సరిపెడితే రెండు చివరలా వెనకబడుతుంది. ఎలా జరిపినా ఇది పోదు. 19వ శతాబ్దపు గడియారకారులు దీన్ని పోగొట్టడానికి రకరకాల అదనపు రేకులు తగిలించారు, ఒక్కోడిదీ ఒక్కో డిజైన్.

లివర్‌పూల్ అబ్జర్వేటరీలో జాన్ హార్ట్‌నప్ వేరే దారి పట్టాడు. తప్పుని పోగొట్టలేకపోతే కొలిచి రాసిద్దాం అన్నాడు. ప్రతి క్రోనోమీటర్‌కీ మూడు అంకెలు: అది అన్నిటికంటే వేగంగా నడిచే ఉష్ణోగ్రత, ఆ ఉష్ణోగ్రతలో దాని రేట్, ఇంకా ఒక గుణకం. ఆ ఉష్ణోగ్రత నుంచి ఎన్ని డిగ్రీలు అటు ఇటు జరిగారో ఆ సంఖ్యని వర్గం చేసి, గుణకంతో హెచ్చవేసి, రేట్ నుంచి తీసేయాలి. అంతే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఉత్తమ ఉష్ణోగ్రత 22, అక్కడ రోజుకు 0.4 సెకను ముందుకి, గుణకం 0.008. చార్ట్‌రూమ్‌లో ఏసీ ఆగిపోయి 34కి చేరింది. తేడా 12, వర్గం 144, హెచ్చవేస్తే 1.15. రేట్ ఇప్పుడు 0.4 ముందుకి కాదు, 0.75 వెనక్కి. పది రోజులు పాత రేట్‌నే నమ్ముకుంటే 11.5 సెకన్ల తేడా. విశాఖ అక్షాంశంలో అది 5 కిలోమీటర్ల పైన.

ఏసీ గాలి ఎందుకు తగలకూడదంటే, ఈ లెక్కలో వర్గం ఉంది కాబట్టి. సగం రోజు 22, సగం రోజు 34 ఉందనుకోండి. సగటు 28 కదా అని లెక్కవేస్తే సవరణ 0.29 సెకను. నిజంగా జరిగింది 0, 1.15 రెండింటి సగటు, అంటే 0.58. రెండింతలు తప్పు. ఉష్ణోగ్రత నిలకడగా 30 ఉన్నా నాకేం ఫర్వాలేదు, ఊగకూడదు. అందుకే పెట్టెకి మందపాటి చెక్క, దానిమీద ఇంకో పెట్టె, దుప్పటి గుడ్డ. వేడిని ఆపడం వాటి పని కాదు, వేడి నెమ్మదిగా ఎక్కేట్టు, నెమ్మదిగా దిగేట్టు చేయడం. గ్రీనిచ్‌లో ఏటేటా జరిగిన క్రోనోమీటర్ పోటీల్లో మార్కులు వేసిన తీరు కూడా ఈ దృష్టితోనే ఉండేది. వారంవారం రేట్ చూసి, అత్యధికానికీ అత్యల్పానికీ ఉన్న తేడా తీసుకునేవాళ్లు. దానికి, పక్కపక్క వారాల మధ్య వచ్చిన అతిపెద్ద తేడాని రెండింతలు చేసి కలిపేవాళ్లు. ఎంత తప్పుందన్నది కాదు, ఎంత మారిందన్నదే లెక్క. హఠాత్తుగా మారితే రెండింతల జరిమానా.

ఇన్వార్ వచ్చాక

1896లో స్విస్ శాస్త్రవేత్త షార్ల్ ఎదువార్ గియోమ్ ఇన్వార్ అనే నికెల్ ఉక్కు కనిపెట్టాడు. నికెల్ 36 శాతం. దాని వ్యాకోచం ఇత్తడిలో పదిహేనోవంతు మాత్రమే. అదేదో వ్యాకోచించని మాయలోహం కాదు. వేడెక్కినప్పుడు అన్ని లోహాల్లాగే సాగబోతుంది, కానీ అదే సమయంలో దాని అయస్కాంత గుణం తగ్గుతూ ఆ మేరకు ముడుచుకుంటుంది, ఒకటి ఇంకొకదాన్ని చెల్లగొడుతుంది. లోహం లోపలే జతరేకు ఉన్నట్టు. ఆ తర్వాత క్రోమియం కలిపి ఎలిన్వార్ చేశాడు, దాంట్లో మారనిది పొడవు కాదు, బిగువు. పైన చెప్పిన 312 సెకన్ల దోషికి అసలు మందు అది. 1920లో ఆయనకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ నేవీకి హామిల్టన్ కంపెనీ చేసిన మోడల్ 21 క్రోనోమీటర్లు ఎలిన్వార్ తరహా స్ప్రింగ్‌తోనే నడిచాయి. ఇలాంటి నియంత్రిత వ్యాకోచ లోహాలు మన హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ లోహాల సంస్థ మిధాని కూడా తయారుచేస్తుంది.

ఇన్వార్, ఎలిన్వార్ రెండింటికీ ఒక బలహీనత ఉంది, అవి అయస్కాంతానికి లొంగుతాయి. స్పీకరు, మోటారు, రాడార్ సెట్ పక్కన పెడితే స్ప్రింగ్ చుట్లు అయస్కాంతమై ఒకదాన్నొకటి లాక్కుంటాయి. రేట్ హఠాత్తుగా పది, ఇరవై సెకన్లు మారి, ఉష్ణోగ్రతతో పొంతన లేకపోతే మొదట అనుమానించాల్సింది ఇదే. రెండోది తుప్పు. ఉక్కు స్ప్రింగ్ మీద సూదిమొనంత తుప్పు చుక్క పడినా బిగువు మారుతుంది. మూడోది నూనె. అది చిక్కబడితే ఊగుడు తగ్గి, చలిలో ఎక్కువగా, వేడిలో తక్కువగా తేడా చూపిస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి శుభ్రం చేయించకపోతే హార్ట్‌నప్ అంకెలు చిత్తుకాగితమే.

రోజువారీ పని ఇలా. పెట్టెని ఓడ ఊగుడు తక్కువుండే మధ్యభాగంలో, ఆవిరి పైపుకీ ఏసీ గాలికీ కిటికీ ఎండకీ దూరంగా పెట్టండి. రెండ్రోజుల క్రోనోమీటర్ అయినా రోజూ ఒకే గంటకి, గడియారం ఉన్న గిన్నెని నెమ్మదిగా తలకిందులు చేసి, కీని ఎడమకి సుమారు ఏడున్నర అరచుట్లు తిప్పండి. సముద్రంలో గింబల్ (ఓడ ఒరిగినా గడియారాన్ని మట్టంగా ఉంచే కడియాలు) తాళం తీసి, మోసుకెళ్లేటప్పుడు మాత్రం వేసి ఉంచండి. పెట్టెని గిర్రున తిప్పొద్దు, డిటెంట్ (చక్రాన్ని ఒక్కో పన్ను దగ్గర ఆపే మీట) జారి సెకన్ల ముల్లు దూకవచ్చు, లేదా గడియారమే ఆగిపోవచ్చు. రేడియో టైమ్ సిగ్నల్‌తో రోజూ పోల్చి, తేదీ, ఎర్రర్, రేట్‌తో పాటు పెట్టె లోపలి ఉష్ణోగ్రతని కూడా పుస్తకంలో రాయండి. చాలామంది వదిలేసేది ఆ నాలుగో గడినే. అది లేకపోతే మిగతా మూడూ ఉండి ఏం లాభం?

మా ఓడలో క్వార్ట్జ్ ఉంది కదా అంటారేమో

మామూలు క్వార్ట్జ్ గడియారంలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చిత్రమేమిటంటే దానికి కూడా అదే వర్గం లెక్క. 25 డిగ్రీల దగ్గర వేగం ఎక్కువ, అటు జరిగినా ఇటు జరిగినా తగ్గుతుంది, డిగ్రీ వర్గానికి పదిలక్షల్లో 0.035 వంతు. 35 దగ్గర రోజుకు 0.3 సెకను, 45 దగ్గర 1.2 సెకను వెనకబడుతుంది. 5 డిగ్రీల దగ్గర కూడా అదే 1.2. మంచి మెరైన్ క్వార్ట్జ్‌లో ఉష్ణోగ్రత చూసి సరిదిద్దే సర్క్యూట్ ఉంటుంది, చవక గోడగడియారంలో ఉండదు. చేతి గడియారం కచ్చితంగా నడవడానికి సగం కారణం మీ ఒంటి వేడే. తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టి చూడండి, తెలుస్తుంది.

జీపీఎస్ రిసీవర్‌లోని స్ఫటికం కూడా వేడికి కదులుతుంది. కానీ అది తన గడియారపు తప్పుని నాలుగో తెలియని రాశిగా పెట్టుకుని ప్రతిసారీ లెక్కగడుతుంది. అందుకే స్థానానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి.

కంపాస్

క్లుప్తంగా చెప్తాను. సూది అయస్కాంతం వేడికి కాస్త బలహీనపడినా దిక్కు మారదు, భూమి లాగుడూ ఓడ ఇనుము లాగుడూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. సూది కాస్త బద్ధకంగా తిరుగుతుంది, అంతే. సవరణ అయస్కాంతాల సంగతి వేరు. అవి ఓడ ఇనుముకి ఎదురుగా కచ్చితమైన బలంతో నిలబడాలి. ఆల్నికో అయస్కాంతం డిగ్రీకి 0.02 శాతం బలం కోల్పోతుంది, నల్లటి ఫెర్రైట్ 0.2 శాతం. పది డిగ్రీల డీవియేషన్‌ని (ఓడ ఇనుము వల్ల సూది పక్కకి తప్పడం) ఫెర్రైట్‌తో సరిచేశారనుకోండి, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు మారితే 0.4 డిగ్రీ తప్పు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఆల్నికో అయితే 0.04, పట్టించుకోనక్కర్లేదు. బినకిల్‌లో (కంపాస్‌ని నిలిపే పీఠం) పోయిన అయస్కాంతానికి బదులు బజార్లో దొరికిన ఫెర్రైట్ ముక్క పెట్టొద్దనేది ఇందుకే.

గిన్నెలో ద్రవం ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్ మిశ్రమమో, శుద్ధిచేసిన నూనో ఉంటుంది. వేడికి ద్రవం గిన్నెకంటే ఎక్కువ సాగుతుంది, అందుకని అడుగున ముడతల డబ్బా ఒకటి పెడతారు. ఆ డబ్బా చీలినా, సీలు ఎండినా రాత్రి చల్లబడినప్పుడు గాలి పీల్చుకుని బుడగ వస్తుంది. బుడగ కార్డుకి (దిక్కులు గుర్తించిన పళ్లెం) తగిలితే రీడింగ్ లాగుతుంది. నింపేముందు లోపల ఏ ద్రవం ఉందో తెలుసుకోండి. ఆల్కహాల్ గిన్నెలో నూనె పోస్తే కార్డు మీద రంగు ఊడొస్తుంది.

మరలు కూడా చూడండి. బినకిల్ దగ్గర ఇత్తడి, కంచు మరలే ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయస్కాంతానికి అంటుకోదని అంటారు, నిజమే, కానీ చల్లగా వంచినా, మర చుట్టినా 304 రకం కాస్త అంటుకుంటుంది. చేతిలో చిన్న అయస్కాంతం పెట్టుకుని ఒక్కో మరనీ పరీక్షించడం పావుగంట పని.

నీళ్ల వేడికి తప్పే పరికరం కూడా ఒకటుంది, అడగలేదు గానీ చెప్తాను: ధ్వని పంపి లోతు కొలిచే ఎకో సౌండర్. దానికి సాధారణంగా ధ్వనివేగం సెకనుకు 1500 మీటర్లని పెట్టి ఉంచుతారు. బంగాళాఖాతంలో 30 డిగ్రీల ఉప్పునీళ్లలో నిజంగా 1543 దాకా ఉంటుంది. పది మీటర్ల లోతుని 9.7గా చూపిస్తుంది, తప్పే గానీ ప్రాణానికి మంచిదే. చల్లటి మంచినీళ్ల నదిలో, 5 డిగ్రీల దగ్గర, వేగం 1426. అక్కడ పది మీటర్లని పదిన్నరగా చూపిస్తుంది. కీల్ (ఓడ అడుగుభాగం) కింద అర మీటరు నీళ్లు ఉన్నాయనుకుని వెళ్తే అక్కడ మట్టి ఉంటుంది.

ఇక సెక్స్టెంట్, మీ కొనుగోలు

మొత్తం పరికరం ఒకే లోహంతో చేసి, మొత్తం ఒకేలా వేడెక్కితే కోణం మారదు. త్రిభుజాన్ని పెద్దది చేసినా దాని కోణాలు అవే కదా. 20 డిగ్రీల గదిలోనూ 38 డిగ్రీల డెక్ మీదా, వేడి సమంగా ఎక్కాక, అల్యూమినియం సెక్స్టెంట్ దాదాపు అదే కోణం చూపిస్తుంది. చిక్కల్లా ఎక్కే ఆ ఇరవై నిమిషాల్లోనే.

ఎంత చిక్కో చూడండి. ఆర్క్ (డిగ్రీలు చెక్కిన వంపుపట్టీ) వ్యాసార్థం సుమారు 162 మిల్లీమీటర్లు. అద్దం ప్రతిఫలనం వల్ల, ఆర్క్ మీద జరిగే పట్టీ కదిలిన కోణానికి రెండింతలు చదువుతాం, కాబట్టి ఒక నిమిషం రీడింగ్ అంటే ఆర్క్ మీద 0.024 మిల్లీమీటర్ల కదలిక. తలవెంట్రుక మందంలో సగం కూడా లేదు. అదే ఒక మైలు. ఇప్పుడు 160 మిల్లీమీటర్ల ముక్క ఒకటి పక్కదానికంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుందాం. ఇత్తడి అయితే 0.03 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం 0.037, ప్లాస్టిక్ 0.11. ఆ సాగుడంతా కోణంలోకి రాదు, కొంత భాగమే వస్తుంది. అయినా లోహానికి నిమిషంలో కొంత వాటా, ప్లాస్టిక్‌కి నిమిషాల్లో అని అర్థమవుతుంది. పైగా అల్యూమినియం వేడిని త్వరగా అన్నివైపులకీ పంచేస్తుంది, ప్లాస్టిక్ పంచదు, ఎండ తగిలినవైపే ఉబ్బుతుంది. ప్లాస్టిక్ సెక్స్టెంట్‌లో ఒకే పూట ఇండెక్స్ ఎర్రర్ (సున్నా చూపాల్సినచోట చూపే తేడా) రెండు మూడు నిమిషాలు కదలడం మామూలే.

అందుకని ఇండెక్స్ ఎర్రర్‌ని సైట్ (సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలవడం) ముందూ, తర్వాతా రెండుసార్లు చూడండి. షేడ్లు (రంగు అద్దాలు) వేసుకుని సూర్యుడితో చూసే పద్ధతి అన్నిటికంటే నమ్మకమైనది, ఎందుకంటే అందులోనే సరిచూపు ఉంది. నిజబింబం, ప్రతిబింబం అంచులు తాకేట్టు ఒకసారి ఆర్క్ మీద, ఒకసారి ఆర్క్ బయట (సున్నాకి అవతలివైపు) చదవండి. ఆర్క్ మీద 30.6, బయట 33.4 వచ్చిందనుకోండి. తేడా 2.8లో సగం 1.4, ఆర్క్ బయట, అంటే రీడింగ్‌కి కలపాలి. రెండూ కూడితే 64.0, నాలుగుతో భాగిస్తే 16.0. అల్మనాక్‌లో (నావికుల ఖగోళ పట్టికల పుస్తకం) ఆ రోజు సూర్యుడి అర్ధవ్యాసం 16.0 ఉంటే కొలత సరైంది. 0.2 కంటే ఎక్కువ తేడా ఉంటే మళ్లీ చూడండి, అద్దాలు అడ్డంగా తప్పాయో, చెయ్యి వణికిందో.

ఏసీ బ్రిడ్జి (ఓడ నడిపే గది) నుంచి బయటి ఉక్కపోతలోకి తెచ్చిన వెంటనే అద్దాల మీద నీటిపొర పడుతుంది. తుడిచి సైట్ తీయాలనిపిస్తుంది, తీయకండి. పెట్టె మూత తెరిచి నీడలో 20 నిమిషాలు వదిలేయండి. ఆ తేమ, ఉప్పు కలిసి అద్దం అంచునుంచి వెండిపూతని తినేస్తాయి. అద్దాల్ని మంచినీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో ఒత్తండి, రుద్దొద్దు.

ఒక విషయం మాత్రం లోహంతో సంబంధం లేనిది. అల్మనాక్‌లోని వక్రీభవన (గాలిలో వెలుగు వంగడం) పట్టికలు 10 డిగ్రీల ఉష్ణోగ్రత, 1010 మిల్లీబార్ల పీడనానికి వేసినవి. మనవైపు 35 డిగ్రీలు. పది డిగ్రీల ఎత్తులో ఉన్న నక్షత్రానికి 0.4 నిమిషం, ఐదు డిగ్రీల ఎత్తుకి 0.8 నిమిషం తేడా వస్తుంది. అల్మనాక్‌లోనే దీనికి అదనపు పట్టిక ఉంది, తెరిచేవాళ్లు తక్కువ. 15 డిగ్రీల కింద ఉన్నదాన్ని కొలవాల్సొస్తే తప్పక తెరవండి. సముద్రం నీళ్లకీ పైగాలికీ ఉష్ణోగ్రత తేడా బాగా ఉన్నరోజు దిగ్మండలమే నిమిషం, రెండు నిమిషాలు పైకో కిందకో కదులుతుంది. అలాంటి రోజున లక్ష రూపాయల సెక్స్టెంట్ ఉన్నా, ప్లాస్టిక్‌దున్నా ఒకటే.

ఇత్తడిది చేతిలో నిలకడగా ఉంటుంది, గాలికి ఊగదు, కానీ రెండు కిలోల దాకా బరువు. ఐదు నక్షత్రాలు వరసగా తీసేసరికి చెయ్యి వణుకుతుంది, ఆ వణుకు తప్పు ఇత్తడి ఇచ్చిన లాభాన్ని మింగేస్తుంది. అల్యూమినియం ఒకటింబావు కిలో దగ్గర. కొన్నిట్లో అల్యూమినియం ఫ్రేమ్‌కి కంచు పళ్లంచు బిగిస్తారు, పళ్లు అరగకుండా. అది మంచిదే. ప్లాస్టిక్‌ది నేర్చుకోవడానికి, లైఫ్‌బోటులో పెట్టుకోవడానికి. దాంతో రెండు మూడు మైళ్ల లోపు స్థానం వస్తే మీ చెయ్యి బాగున్నట్టే.

పాత అల్యూమినియందాన్ని కొంటుంటే అమ్మేవాణ్ని ఒక పూట గడువు అడగండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఇండెక్స్ ఎర్రర్ ఐదుసార్లు చూసి రాసుకోండి, డ్రమ్‌ని (నిమిషాలు చదివే తిరిగే గుండీ) ప్రతిసారీ ఒకే దిశలో తిప్పుతూ. అరగంట నీడలోనే బయట పెట్టి మధ్యాహ్నం మళ్లీ ఐదుసార్లు. రెండు సగటుల తేడా 0.3 నిమిషం లోపు ఉంటే ఫ్రేమ్ బాగుంది. ఉదయం ఐదు రీడింగులే ఒకదానికొకటి 0.5 దాటి ఊగుతుంటే అది వేడి తప్పు కాదు, వార్మ్ (డ్రమ్‌తో పాటు తిరిగే మర) పళ్లు అరిగాయి. అది ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.